ఆరుతడి వరిలో నత్రజని ఎక్కడికి పోతుంది?

వరి మడిని ఆరబెడుతూ తడులిస్తే యూరియాలోని నత్రజని ఎందుకు వృథా అవుతుందన్నది ప్రశ్న. మడి ఆరినప్పుడు మట్టిలోకి గాలి చేరి, బ్యాక్టీరియా వల్ల యూరియా నుంచి వచ్చిన అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గా మారుతుంది. మళ్లీ నీరు నిలిస్తే ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు వేరే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నత్రజని, నైట్రస్ ఆక్సైడ్ వాయువులుగా మార్చి గాల్లోకి వదిలేస్తాయి. కొంత నైట్రేట్ నీటితో పాటు వేర్ల కిందికి దిగిపోతుంది.

నిలిచిన నీళ్లలో యూరియా చల్లడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు, అందులో పెద్ద భాగమే అమ్మోనియాగా ఆవిరైపోవచ్చు. నీరు ఇంకిన మడిలో చల్లి వెంటనే 5 సెం.మీ. నీరు పెడితే ఎరువు మట్టిలోకి దిగుతుంది. తర్వాతి తడికి కంటి అంచనా చాలదు: చిల్లుల గొట్టం పాతి, అందులో నీటిమట్టం నేలకు 15 సెం.మీ. కిందికి చేరాకే మళ్లీ నీరు పెట్టాలి. పూత దశలో మాత్రం మడి ఆరనివ్వకూడదు, తాలు పెరుగుతుంది.