వీణ మీద గుడ్డ కప్పేసి పరిగెత్తకండి

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాం. పెళ్ళికి ముందు ఇక్కడి సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంటా, డిప్లొమా పూర్తి కాకుండానే ఆపేశాను. పిల్లలు పెద్దయినాక బీరువా పక్కన మూల పడున్న వీణను మళ్ళీ తీశాను. పొద్దున ఐదుకు లేచి నీళ్ళు పట్టుకోవడం, టిఫిను, క్యారియర్లు, అంట్లు, బట్టలు అయ్యేసరికి పదిన్నర. అప్పుడు కూర్చుంటే హాల్లో మా అత్త టీవీ. ఆమెకు 78. పాత దూరదర్శన్ రామాయణం, పాత తెలుగు సీరియళ్ళు యూట్యూబులో పెట్టించుకుని వీధి చివరిదాకా వినపడేంత సౌండుతో చూస్తుంది. నా శ్రుతి నాకే వినపడదు. ఈలోపల బెల్లు మోగుతుంది, ఎవరో కొండకు వచ్చినోళ్ళు. వీణ మీద గుడ్డ కప్పేసి పరిగెత్తుతాను. బెల్లు మోగని రోజైనా, అప్పుడు నేర్చుకున్న పెద్ద పాఠం, అటతాళ వర్ణం ఎత్తుకుంటే చేయి పోదు, స్వరం పలకాల్సిన చోట పలకదు. ఏడుపొస్తుంది. రాత్రి ఎనిమిదికి మాత్రం అత్త పక్కన కూర్చుని ఆ పాత సీరియళ్ళు నేనూ చూస్తాను. నిజం చెప్పాలంటే రోజంతట్లో నాకు హాయిగా ఉండేది ఆ గంటే. మా ఆయన మొన్న, "టీవీ చూసేదానికి టైముంటుంది, వీణకు లేదంటావేంది? అయినా ఈ వయసులో యాడన్నా కచేరీ చేసేదుందా?" అన్నాడు. టీవీ మానేయాలా, వీణ మానేయాలా?
— ఒక గృహిణి, తిరుపతి

జవాబు: రెండూ మానకండి. ముఖ్యంగా రాత్రి ఎనిమిదింటికి చూసే ఆ సీరియల్ మానే ఆలోచన అసలు పెట్టుకోకండి. ఐదింటి నుంచీ ఎవరో ఒకరికి ఏదో ఒకటి అందిస్తూనే నడిచే రోజులో మీరు కాళ్ళు చాపుకుని కూర్చునే గంట అదొక్కటే. పైగా పక్కన అత్తగారున్నారు. అత్తా కోడలూ ఒకే సీరియల్ చూసి ఒకే చోట నవ్వుకునే ఇళ్ళ నుంచి నాకు ఉత్తరాలు రావు, వాళ్ళకు నాతో పనుండదు కాబట్టి. ఉన్న ఆ ఒక్క సుఖాన్నీ తీసి వీణకు కట్టబెడితే, నెల తిరక్కముందే మీకు వీణంటేనే విసుగొస్తుంది. ఎనిమిదింటికి ఒళ్ళు అలిసి కూలబడిన మనిషి అదే గంటలో వర్ణం రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో వాయించొచ్చుగా అనుకోవడం మీ ఆయన లెక్క. టీవీ చూడ్డానికి వేళ్ళతో పనిలేదని ఆయనకు తట్టలేదు, అంతే.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది వేరే ఉంది. మిమ్మల్ని వాయించొద్దని ఇంట్లో ఎవరూ అనలేదు. మీ ఆయన ఎత్తిపొడిచారు గానీ మానమనలేదు. అత్తగారు ఆ ఊసే ఎత్తినట్టు లేరు. బెల్లు మోగగానే గుడ్డ కప్పేది మీరు. వచ్చినవాళ్ళ కంట్లో వీణ పడితే ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు ఎందుకనిపిస్తోంది మీకు? అదే పొయ్యి మీద పప్పుంటే "రండి, కూర్చోండి, పప్పు దించి వస్తా" అని వంటింట్లోంచే కేకేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. "ఈ వరుస అయిపోగానే లేస్తా, కూర్చోండి" అని వీణ ముందు నుంచి అని చూడండి. మొదటిసారి గొంతు పెగలదు. వచ్చినవాళ్ళు వింతగా చూసినా చూడొచ్చు. చూడనివ్వండి.

అసలు పదిన్నరకే కూర్చోవాలని ఎవరు పెట్టారు? అది పనులన్నీ అయ్యాక మిగిలిన వేళ, మీ ఇంట్లో టీవీ మోత జోరుగా ఉండే వేళ కూడా. మధ్యాహ్నం భోజనాలయ్యి అత్తగారు నడుం వాల్చాక అరగంట తీసుకోండి. వీణ చప్పుడు చిన్నది, పక్క గదిలో ఆవిడ నిద్రకేమీ అడ్డం రాదు. ఆ అరగంట ఫలానాప్పుడని ఇంట్లో అందరికీ నోటితో చెప్పండి. చెప్పకుండా, వాళ్ళే గమనించి మసులుకోవాలని ఎదురుచూస్తే మాత్రం మీరు జీవితాంతం ఎదురుచూస్తూనే ఉంటారు.

టీవీ సౌండు దగ్గరికొస్తాను. అత్తగారి చెవులు ఎవరైనా పరీక్ష చేశారా? వయసు మీద పడ్డాక వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేవి సన్నటి శబ్దాలు. స, ష, త, క లాంటి హల్లులు చెదిరిపోతాయి. శబ్దం వినపడుతుంది, మాట మాత్రం తెలియదు. తెలియక సౌండు పెంచుతారు, పెంచితే మోత పెరుగుతుందే గానీ మాట స్పష్టం కాదు. ఆవిడ పాతవే ఎందుకు చూస్తున్నారో కూడా ఇందులోనే కొంత ఉందని నాకనిపిస్తోంది. ఆ రామాయణం 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా ఆదివారం పొద్దున్నే వచ్చేది. హిందీ రాకపోయినా మన ఊళ్ళలో జనం టీవీ ఉన్న ఇంటి గుమ్మం దాకా కూర్చుని చూశారు. అప్పుడు మీ అత్తగారికి నలభై, ఇంటి పెత్తనం చేతిలో ఉన్న వయసు. ఆ ముచ్చట ఒకటైతే, కథ ముందే తెలిసినదాన్ని చూడ్డానికి ప్రతి మాటా వినపడనక్కర్లేదన్నది ఇంకొకటి. కొత్త సీరియల్ అయితే "ఏమంది? ఏమంది?" అని మిమ్మల్ని అడగాల్సొస్తుంది. అలా అడగడం ఏ పెద్దావిడకూ ఇష్టముండదు.

కాబట్టి సౌండు తగ్గించమని గొడవ పెట్టుకోకుండా రుయా ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి తీసుకెళ్ళండి. ఒక్కోసారి చెవిలో గుమిలి పేరుకుపోయి ఉంటుంది, అది తీస్తేనే చాలావరకు తేడా తెలుస్తుంది. కాకపోతే ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేసి చెవి మిషన్ అవసరమో కాదో వాళ్ళే చెబుతారు. మిషన్ పెట్టుకోనని ఆవిడ మొండికేస్తే టీవీకి కలిపే వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు కొనిపెట్టండి. "నా వీణకు అడ్డమొస్తోంది" అని కాకుండా "మీకు డైలాగు బాగా వినపడాలి" అని ఇవ్వండి. అబద్ధమేమీ కాదు కదా.

ఇక స్వరం పలకాల్సిన చోట పలకడం లేదన్నారు. ఏడ్చే ముందు ఒక పని చేయండి. సారణి తీగను, అంటే ముఖ్యంగా వాయించే మొదటి తీగను, ఖాళీగా మీటండి. తర్వాత పన్నెండో మెట్టు మీద నొక్కి మీటండి, పై షడ్జం అచ్చంగా కలవాలి. ఏడో మెట్టు మీద పంచమం రావాలి. రాకపోతే తప్పు మీ చేతిది కాదు. వీణ 24 మెట్లూ నల్ల మైనం మీద కూర్చోబెట్టినవి. తిరుపతి ఏప్రిల్, మే ఎండల్ని అన్నేళ్ళు ఓ మూల నిలబడి కాచిన వీణకు మైనం మెత్తబడి మెట్లు పక్కకు జరగడం మామూలే. అలాంటి వీణ మీద ఎంత చేయి తిరిగిన విద్వాంసురాలు వాయించినా అపస్వరమే వస్తుంది. కొత్త తీగలు వేయించి, మేళం కట్టించండి, అంటే మెట్లన్నీ మైనం మీద మళ్ళీ సరైన స్వరస్థానాల్లో కూర్చోబెట్టించండి. ఎవరు బాగా కడతారో మీ పాత కళాశాలకు వెళ్ళి అడిగితే చెబుతారు. వెళ్ళినప్పుడు, పెద్దవాళ్ళు చేరడానికి వీలైన తరగతులేమున్నాయో కూడా కనుక్కురండి. ఒంటరిగా వాయించుకునే వాళ్ళకు వారానికోసారి తప్పు చెప్పే మనిషి ఉంటే ఏడుపు చాలావరకు తగ్గుతుంది. మేళం కట్టించాక వీణను కూలరు గాలికీ, పడమటి గోడకూ దూరంగా పెట్టండి.

అటతాళ వర్ణం కొన్నాళ్ళు పక్కన పెట్టండి. కూర్చోగానే దాన్నెత్తుకోవడమంటే, ఒకప్పటి మీలోని ఇరవై ఏళ్ళ అమ్మాయితో పందెం వేసుకోవడమే. ఆ అమ్మాయికి వేళ్ళ కొసల్లో కాయలు కాసి ఉండేవి, మీకిప్పుడు మెత్తబడిపోయాయి, తీగ కోసుకుంటుంది. మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళీవరుసలు, నెమ్మదిగా మొదటి కాలంలో వాయించండి, వేళ్ళకు రాసుకోవడానికి చిన్న గిన్నెలో కొబ్బరినూనె దూది పక్కన పెట్టుకుని. విసుగే. కానీ కాయ కాయాలంటే దారి అదే. వేళ్ళు తిమ్మిరెక్కినా, మణికట్టు గుంజినా ఆరోజుకి ఆపేయండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఏడుపు వీణ దగ్గరే కాక వేరే వేళల్లో కూడా వస్తోందా, నిద్ర, ఆకలి దెబ్బతిన్నాయా, నెలసరిలో మార్పులున్నాయా అన్నదీ చూసుకోండి. ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాల్సిందే.

చుట్టాల విషయం తిరుపతిలో కాపురముండే వాళ్ళకే అర్థమవుతుంది. ఇక్కడ ఇల్లుందంటే అది సగం సత్రం. గుండ్లు కొట్టించుకుని వచ్చి హాలంతా పడుకునేవాళ్ళు, సంచిలో లడ్డూలు లెక్కపెట్టుకునేవాళ్ళు, ఆ ఇంటావిడ అందరికీ దోసెలు పోస్తూ ఉండటం. రావొద్దనడం మనకు చేతకాదు, అనమని నేనూ చెప్పను. కానీ ఒకటి ఆలోచించండి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు. అంటే వాళ్ళు ఏ తేదీన కొండెక్కేదీ ఊళ్ళో ఉన్న మీకు తప్ప అందరికీ తెలుసు. సర్వదర్శనానికి వచ్చేవాళ్ళకు ముందే తేదీ ఉండకపోవచ్చు, రైలు టికెట్టయినా ఉంటుంది. టికెట్ తీసిన రోజే ఫోన్ చేయమనండి. రెండు కుటుంబాలు ఒకేసారి తగిలితే, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణునివాసం అని దేవస్థానం వాళ్ళ వసతి గృహాలున్నాయి, ముందు అక్కడ గది ప్రయత్నించమనండి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఎండాకాలం సెలవులు ఎలాగూ మన చేతిలో ఉండవు. ఆ రోజుల్లో వీణ తీయలేదని బాధపడకండి.

మీ ఆయన తరఫు వాళ్ళ ఫోన్లు ఇక మీదట ఆయనే ఎత్తాలి. టికెట్లు, గదులు, స్టేషన్‌కి వెళ్ళి తీసుకురావడం ఆయన పని. చుట్టాలొచ్చిన వారం అంట్లు తోమడం మీ పిల్లల పని.

కచేరీ మాటకొస్తే, దాన్ని ఎత్తిపొడుపుగానే తీసుకోనక్కర్లేదు. మీరు వీణ ముందు కూర్చుని ఏడవడం ఆయన చూసే ఉంటారు. సుఖం లేని పని ఎందుకు పెట్టుకున్నావని అడగడం రాక అలా అన్నారేమో. ఏ ఆదివారమో కాఫీ ఇస్తూ నేరుగా అడిగేయండి, "ఆ రోజు ఎందుకట్లన్నారు?" అని. కచేరీ చేసేది లేదని ఒప్పుకోండి. "అయినా వాయిస్తా, నాకు బాగుంటుంది" అనండి. కారణాలు ఇంకేమీ జోడించకండి, జోడించిన ప్రతి కారణానికీ ఆయన ఒక జవాబు వెతుకుతారు. వీలైతే ఓ సాయంత్రం ఇద్దరూ కలిసి మహతి ఆడిటోరియంలో ఏదైనా వీణ కచేరీ ఉంటే వెళ్ళిరండి.

మేళం కట్టించడానికి, తీగలకు అయ్యే డబ్బు ఆయన్నే అడిగి తీసుకోండి. పాలవాడి లెక్క, కరెంటు బిల్లు రాసే పుస్తకంలోనే ఇదీ రాయండి. పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బులు మాత్రం తీయకండి.