1/ఎక్స్ సమాకలని లాగ్ ఎందుకవుతుంది?
ఎక్స్ వర్గానికి సమాకలని (ఇంటిగ్రల్) కావాలంటే ఘాతానికి 1 కలిపి, వచ్చిన 3తో భాగిస్తాం: ఎక్స్ ఘనం బై 3. ఇదే సూత్రం 1/ఎక్స్‌కి ఎందుకు పనిచేయదని మీ ప్రశ్న. చాలా మంచి ప్రశ్న, ఇంటర్‌లో చాలామంది దీన్ని బట్టీపట్టి వదిలేస్తారు.

1/ఎక్స్‌లో ఘాతం -1. దానికి 1 కలిపితే 0 వస్తుంది, సున్నాతో భాగించలేం. సమాకలనానికి తిరుగు ప్రక్రియ అవకలనం (డిఫరెన్షియేషన్), కాబట్టి వెనక నుంచి చూడండి: అవకలనం చేస్తే ఘాతం ఒకటి తగ్గుతుంది. -1 రావాలంటే మొదట 0 ఉండాలి. కానీ ఎక్స్ ఘాతం 0 అంటే 1, స్థిరాంకం. దాని అవకలజం సున్నా! కాబట్టి ఏ ఘాతమూ 1/ఎక్స్‌ని ఇవ్వదు. ఇచ్చేది సహజ లాగరిథమ్ (ఆధారం e ఉన్న లాగ్): దాని అవకలజమే 1/ఎక్స్.

ఎక్స్ రుణాత్మకమైతే లాగ్‌కి విలువ ఉండదు కాబట్టి మాడ్యులస్ (రుణ గుర్తు తీసేసిన విలువ) పెడతాం: లాగ్ |ఎక్స్| + సి (సి ఒక స్థిరాంకం). అవకలనం చేసి సరిచూసుకోండి, టెన్షన్ పోతుంది.