చోటును మాటతోనే కట్టు

బిడ్డా,

నీ నాటకం చదివిన. కోరుట్ల పక్క ఊర్లె బీడీలు చేసే తల్లి, దుబాయ్ లేబర్ క్యాంపుల కొడుకు, నడుమ ఒక ఫోను. మన దిక్కు ఇంటింటి కథ ఇది. చూసేటోళ్లను ఏడిపియ్యాలని రాయలేదు నువ్వు, అందుకు నాకు శాన సంతోషమైంది. అయితే ఒక్క సంగతి మీద నీతోని గట్టిగ మాట్లాడాలె. మాటలన్ని నువ్వు రాసుకొని, చోటునేమో లైట్లేసేటోనికి, సెట్టు కట్టేటోనికి అప్పజెప్పినవు. ఇల్లు, చీకటి, క్యాంపు, చీకటి, మళ్ల ఇల్లు. చీకటైనప్పుడల్ల చూసేటోని పట్టు జారుతది, పక్కోడు ఫోను తీస్తడు. "ఎడమ దిక్కు మట్టిగోడ, దానికి పాత క్యాలెండరు" అని బ్రాకెట్ల సగం పేజీ రాసినవు గదా, అది చదివేటోనికే తప్ప చూసేటోనికి ముట్టదు.

మాటతోనే చోటు కట్టే ఈ విద్య మన ఓరుగల్లుకు పాతది. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న పాత పద్యాల నాటకం క్రీడాభిరామం తీసి చదువు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు దోస్తులు కాకతీయుల నాటి ఓరుగల్లు వీధులల్ల తిరుగుతరు, అంతే కథ. అల్లదిగో అని ఒకడు చూపిస్తె గుడి లేస్తది, అంగడి లేస్తది, కోడిపందెం లేస్తది. పట్నమంత పద్యంలకెల్లే పుడుతది. నాట్యశాస్త్రంల భరతుడు కూడ ఈ వీలు ఇచ్చిండు: నటుడు రంగం మీద నాలుగడుగులు చుట్టు తిరిగొస్తె చోటు మారినట్టే లెక్క.

ఒగ్గుకథోళ్లు ఇప్పటికీ ఇదే పని చేస్తున్నరు. కథకు ముందు పట్నం, అంటె రంగుల ముగ్గు, వేస్తరు. పసుపు, కుంకుమ, పిండి నేల మీద పడంగనే, పొద్దుగాల దాక పిల్లలు ఆడిన వాకిలి మల్లన్న దేవుని పెండ్లి జాగ అయితది. ఎవ్వరు చెప్పకున్నా జనం చెప్పులు విడిచి ఎనుకకు జరుగుతరు. కథకుడు భుజం మీది గుడ్డ నెత్తికి కప్పుకుంటె మల్లన్న పెండ్లాం మేడలమ్మ, అదే గుడ్డ నడుముకు చుట్టుకుంటె మల్లన్న. "అప్పుడు మల్లన్న ఏమన్నడు?" అంటడు. "ఏమన్నడు?" అని పక్కన వంత పాడేటోడు ఎదురు అడుగుతడు. అది మన తరఫున అడిగిన ప్రశ్న. దాంతోని నేల మీద కూసున్న మనం కూడ కథల పడుతం. మాణిక్యాపురం ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య కథ చూసిన పెద్దమనుషులు మీ జనగామ దిక్కు ఇంకా ఉన్నరు, పోయి అడుగు.

ఇగ నీ ఫోను సీను. ఆ చీకట్లన్ని తీసెయ్. తల్లి, కొడుకు ఇద్దరు మొదటి నుంచి రంగం మీదనే ఉండాలె, నడుమ మూడడుగుల ఎడం చాలు. ఒకరినొకరు చూసుకోవద్దు, ఇద్దరు ముందుకే చూడాలె. ఆమె ఒడిల చాట, చేతిల కత్తెర, తునికాకు కత్తిరించిన చప్పుడు. "తిన్నవా కొడుకా?" "తిన్న అవ్వా, ఏసీ రూములనే ఉన్న." ఆ మాట అనుకుంటనే వాడు ఎండల నిలబడి మెడ తుడుచుకుంటె, ఆమె విన్నది ఒకటి, మనం చూసింది ఇంకొకటి. నాటకం ఆ నడిమి సందులనే ఉన్నది. అప్పు సంగతి ఎత్తంగనే వాడు నోరుజారి "ఖల్లీవల్లీ అవ్వా" అంటడు. పోనియ్, ఇడిసిపెట్టు అని క్యాంపుల దినాం అనే మాట, ఆమె ఎన్నడు విననిది. కత్తెర ఆగుతది. ఆ ఒక్క మాటతోని క్యాంపు ఇంట్లకు వచ్చేసింది, నీకు ఇనుప మంచాల సెట్టు ఎందుకు? ఆ మూడడుగులు దాటి వాడు తల్లి దగ్గరికి వచ్చేది నాటకం మొత్తంల ఒక్కసారే ఉండాలె. రెండోసారి వస్తె దుబాయ్ దూరం పోతది.

కొడుకును దుబాయ్ పంపే ఏజెంటు పాత్ర మీద మాత్రం నాకు బాధ ఉన్నది. మోసగాడని తెలువాలని వానితోని పుస్తకాల భాష మాట్లాడించినవు. తాగుబోతు మామకేమో మన మాట ఇచ్చి నవ్వించినవు. మన భాషను నవ్వులాటకు నిలబెట్టిన పాత నాటకాలు, సినిమాలు చాలు బిడ్డా. నువ్వు ఆ పని చెయ్యకు. ఏజెంటు ఆ ఊరోడే అయ్యుండాలె, తల్లి కంటె తియ్యగ ఆమె భాషనే మాట్లాడాలె. "నా తమ్ముని లెక్క చూసుకుంట చిన్నమ్మా." మొదటిసారి ఈ మాట గడప బయట నిలబడి అంటడు, చెప్పులు విడువడు. రెండోసారి అరుగు మీద కూసోని అంటడు. పాసుబుక్కు చేతిల పడ్డంక ఇంట్లకు వచ్చి నులక మంచం మీద కూసోని అదే మాట అంటడు. ఆమె లేచి నిలబడుతది. తన ఇంట్ల తనే నిలబడ్డది. మాట మారలేదు, చోటే మారింది. చూసేటోనికి కడుపుల దేవినట్టు అయితది. ఇగ "ఏజెంట్లు రక్తం తాగుతున్నరు" అని ఆ తల్లి బిడ్డతోని చెప్పించిన పేజీ కొట్టెయ్యి.

కాళోజీ కళాక్షేత్రంల ఆడాలని ఉన్నదన్నవు. 2024ల హనుమకొండల తెరుచుకున్న పెద్ద హాలు, తప్పకుండ ఆడాలె. అయితే మధ్యరకం నాట్యశాల 64 మూరల పొడుగు, 32 మూరల వెడల్పు ఉంటె చాలని, అంతకన్న పెద్దగైతె మాట చెదురుతది, ముఖం కానరాదని భరతుడు ఊకెనే అనలేదు. మైకు మాటను మోస్తది, ముఖాన్ని మోయదు. ఇంకో నష్టం కూడ ఉన్నది. తల్లి గుసగుస, వాకిట్ల కేక రెండు ఒకే స్పీకరుల నుంచి వస్తయి, దూరం దగ్గర తేడా చచ్చిపోతది. కాబట్టి ఆ దూరాన్ని నువ్వే మాటల పెట్టాలె. వాకిట్ల నుంచి పిలిచేటోడు "ఓ లచ్చవ్వో" అని పేరు సాగదీస్తడు. పక్కన కూసున్నోడు పేరే ఎత్తడు, సగం మాట అని ఊకుంటడు. నీ నాటకంల అందరు ఒకే పొడుగు వాక్యాలు మాట్లాడుతున్నరు, ఒక్కసారి చూసుకో.

ఏజెంటు సీను ముందుగాల తిరగరాయి, బ్రాకెట్ల ఒక్క ముక్క లేకుండ. రాసినంక మీ ఇంట్ల ఇద్దరితోని పైకి చదివించు. నువ్వు గోడ అవతల నిలబడి విను. ఎవరు గడప బయట ఉన్నరో, ఎవరు మంచం మీద కూసున్నరో చెవికి తెలిస్తె నాకు పంపు. తెలువకుంటె ఇంకోసారి రాసి పంపు.