బాపు ఊరు వదలనంటున్నాడు, కొట్టంలో పిల్లి ఉందట!

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లాలో ఒక పల్లె. నేనూ తమ్ముడూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. రెండేళ్ల క్రితం అమ్మ పోయింది. తర్వాత బాపు బర్రెలను అమ్మేశాడు. అమ్మ సాకిన ఆడపిల్లి ఒకటి మాత్రం కొట్టంలో మిగిలింది. మా దగ్గరికి రమ్మంటే ‘దానికి ఎవరు పెడతారు’ అంటాడు. పోయిన చలికాలమంతా రాత్రిళ్లు రెండుసార్లు లేచి దాన్ని చూసొచ్చేవాడు. మొన్న వానలో అలాగే వెళ్లి జారిపడ్డాడు. బాపుకు చెప్పకుండా పిల్లిని సంచిలో కట్టి దూరంగా వదిలేద్దామంటున్నాడు తమ్ముడు. నాకు మనసొప్పడం లేదు, అలాగని టెన్షన్ కూడా తగ్గడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా ఆ సంచి మాట తమ్ముడి మనసులోంచి తీయించండి. పిల్లి కనబడని మొదటి రాత్రే మీ బాపు టార్చి పట్టుకుని ఊరంతా తిరుగుతారు. ఇప్పుడు మీరు భయపడుతున్నది దేనికో, అదే ఇంకా ఎక్కువవుతుంది. ఎప్పటికైనా నిజం తెలిస్తే పిల్లల మీద ఆయనకున్న నమ్మకం పోతుంది. పెంచుకున్న జంతువును ఆకలికి, బాధకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. తెలియని చోట కుక్కల మధ్య పడిన పిల్లి బతకడం కష్టం.

ఇంకో మాట. ఆ వయసు మనిషి రాత్రి రెండుసార్లు లేస్తున్నారంటే అది పిల్లి కోసమే అయి ఉండకపోవచ్చు. మూత్రం సమస్య కావచ్చు, షుగర్ కావచ్చు, మీ అమ్మ లేని ఇంట్లో నిద్ర పట్టకపోవడమూ కావచ్చు. ఎలాగూ లేచాను కదా అని కొట్టం దాకా వెళ్తున్నారేమో. పడిన దెబ్బతో పాటు ఇవీ డాక్టరుకు చూపించండి. బీపీ మాత్రలు వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి. ఇంటి నుంచి కొట్టం దాకా ఒక లైటు వేయించండి, జారని చెప్పులు కొనివ్వండి.

ఇక పిల్లి సంగతి. అది కొట్టంలో క్షేమంగా ఉందన్న ధీమా ఆయనకు కలిగితే రాత్రి వెళ్లే పని సగం తగ్గుతుంది. కాబట్టి మీ ఇద్దరి శ్రద్ధా దాన్ని తప్పించడం మీద కాకుండా దాని ఏర్పాట్ల మీద పెట్టండి.

మీ జిల్లాలో చలి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, కొన్ని రాత్రులు పది డిగ్రీల కిందికి పోతుంది. చేపలు వచ్చే థర్మాకోల్ డబ్బా ఒకటి తెచ్చి కడిగి ఆరబెట్టండి. పక్కన జానెడు లోపు వెడల్పున రంధ్రం చేసి, లోపల ఎండు వరిగడ్డి మందంగా నింపండి. పాత దుప్పట్లు, బొంతలు వద్దు. అవి తేమ పీల్చుకుని ఇంకా చల్లబడతాయి. డబ్బా పిల్లి ముడుచుకుని పడుకునేంత ఉంటే చాలు, పెద్దదైతే ఒంటి వేడి నిలవదు. నేల మీద కాకుండా అటక మీదో, గోడకు కొట్టిన బల్ల మీదో గాలి తగలని వైపు పెడితే కుక్కల భయమూ ఉండదు. తిండి పొద్దు గుంకకముందే, రోజూ ఒకే వేళకు పెట్టమనండి. పిల్లి ఆ వేళకు అలవాటు పడుతుంది, మీ బాపుకూ చీకట్లో వెళ్లే అవసరం రాదు.

పాలన్నం మాత్రమే పెడుతుంటే అది చాలదు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. పిల్లికి మాంసాహారం తప్పనిసరి. ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని కోడిమాంసం, చేపముక్క, వీలైతే క్యాట్ ఫుడ్ పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర పెట్టకూడదు. ఎండాకాలం వెడల్పాటి మట్టిపాత్రల్లో రెండుచోట్ల నీళ్లుంచాలి. కొట్టానికి రేకులుంటే పైన జొన్న చొప్ప పరిస్తే లోపల వేడి తగ్గుతుంది. పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పుతుంటే వడదెబ్బేమోనని అనుమానించి నీడకు తెచ్చి, మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి డాక్టరుకు ఫోన్ చేయాలి. ఐసు నీళ్లు పోయకూడదు.

వానాకాలంలో కట్టెల కుప్ప, చెత్త కొట్టానికి దూరంగా ఉంచండి, పాములు చేరతాయి. కానీ నన్ను అడిగితే పల్లెల్లో పిల్లికి పాము కంటే మందుల భయమే ఎక్కువ. పక్కింటివాళ్లు ఎలుకల మందు పెడితే, అది తిన్న ఎలుకను తిని పిల్లి కూడా చనిపోవచ్చు. బ్రొమాడియోలోన్ అనే ఎలుకల మందు బిళ్లల ప్రభావం కొన్ని రోజులకు గాని బయటపడదు. చిగుళ్ల నుంచి రక్తం, నీరసం కనిపిస్తాయి. తొందరగా తీసుకెళ్తే విటమిన్ కె తో కాపాడవచ్చు. జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందుకు విరుగుడు లేదు. చుట్టుపక్కల నాలుగిళ్లకు మీ బాపునే వెళ్లి చెప్పమనండి, మందుకు బదులు ఎలుకల బోను పెట్టమని అడగమనండి. పత్తికి కొట్టే పురుగుమందుల డబ్బాలు కొట్టంలో ఉంచకూడదు. పశువుల పిడుదులకు వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందులు పిల్లికి పూయకూడదు. జ్వరమనుకుని పారాసిటమాల్ అసలే వేయకూడదు, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి.

ఆడపిల్లి కాబట్టి ఆపరేషన్ చేయించండి. లేకపోతే ఏడాదికి రెండు మూడు ఈతలు, ఆ పిల్లలన్నిటి దిగులూ మీ బాపుదే అవుతుంది. అదే రాకపోకల్లో రేబిస్ టీకా వేయించి, ఏటా మళ్లీ వేయించాలి. 1962కి ఫోన్ చేస్తే పశువైద్య సేవల సమాచారం దొరుకుతుంది, పిల్లుల ఆపరేషన్ మీ దగ్గర ఎక్కడ చేస్తారో కనుక్కోండి. పిల్లి ఎప్పుడైనా కరిచినా, రక్తం వచ్చేలా గీరినా పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలని మీ బాపుకు గట్టిగా చెప్పండి.

ఆయన హైదరాబాద్ రాకపోవడానికి పిల్లి ఒక్కటే కారణమని నేననుకోను. సొంత ఇల్లు, తెలిసిన మనుషులు, మీ అమ్మ తిరిగిన వాకిలి. ఇవన్నీ మీకు చెప్పలేక పిల్లి పేరు చెబుతున్నారేమో. ఒకసారి పిల్లి ఊసు తేకుండా ‘బాపూ, హైదరాబాద్‌లో నీకేం కష్టమనిపిస్తుంది’ అని అడిగి, ఆయన చెప్పేదాకా ఆగండి. శాశ్వతంగా రమ్మనకుండా పదిరోజులకు పిలవండి. ఆ పదిరోజులూ పిల్లికి పెట్టే మనిషిని ఆయన్నే ఎంచుకోనివ్వండి, డబ్బులు మీరివ్వండి. తిరిగి వెళ్లేసరికి అది బాగానే ఉంటే, రెండోసారి రమ్మని బతిమాలాల్సిన పని తగ్గుతుంది. ఎప్పుడైనా పిల్లితోనే వస్తానంటే కాదనకండి. బాల్కనీకి జాలీ కొట్టించి, మొదటి కొన్ని వారాలు ఒకే గదిలో ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

తమ్ముడి మీద కోపం పెట్టుకోకండి, తండ్రి పడిపోయాడన్న భయంతోనే అలా అన్నాడు. చలి ముదరక ముందే దసరాకు ఇద్దరూ ఊరెళ్లి, లైటు పని, డబ్బా పని అతనికే అప్పజెప్పండి. డబ్బా ఎక్కడ పెట్టాలో మాత్రం మీ బాపును అడగమనండి.