సూది చివరి దాకా చూడాలి

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

వర్జీనియాలోని షెనాండోవా జాతీయ ఉద్యానవనంలో, ఎండిపోయిన మేపుల్ మాను మీద తీసి నువ్వు పంపిన ఫోటోను చాలాసేపు చూశాను. నడుము సన్నగా, ఒళ్ళు ఎర్రటి గోధుమ రంగులో, తోక వెనుక పొడవాటి నల్లని పోగులతో ఉన్న ఆ కందిరీగ, వేరే కీటకాల మీద బతికే మెగారిస్సా అనే జాతి ఆడదని నా నిశ్చయం. అది మెగారిస్సాల్లో ఏ రకమో తేల్చవలసిన చోటే ఫోటో అంచు ఆ పోగులను కోసేసింది. అందుకే ఈసారి వెళ్ళినప్పుడు ఏమేమి చూడాలో రాస్తున్నాను.

చెరకు తోటల్లో ఆకులకు ట్రైకోగ్రామా కార్డులు (పురుగుల గుడ్లను తినే చిన్న కందిరీగలున్న అట్టముక్కలు) కట్టించిన ఉద్యోగంలో నేను నేర్చుకున్నదేమిటంటే, ఇతర జీవుల మీద బతికే బదనిక పురుగును గుర్తుపట్టాలంటే దాని రంగు కంటే ముందు అది దేని మీద బతుకుతుందో చూడాలి. మెగారిస్సా పిల్లలకు ఆహారం, మాను లోపల కర్రను తొలుచుకుంటూ పెరిగే ట్రీమెక్స్ కొలంబా అనే కీటకపు లార్వా. కనుక ఈసారి అది కనిపించిన మాను ఏ చెట్టుదో, దాని మీద గుండ్రని రంధ్రాలు ఉన్నాయో లేదో తప్పక రాసుకో.

తర్వాత ఆ పోగులను దగ్గరగా చూడు. ఒకటే అనిపించినా అవి మూడు: నడిమిది గుడ్లు పెట్టే సూది, తక్కిన రెండూ దానికి ఒర. ఆడది పొట్ట పైకెత్తి సూదిని కర్రలోకి దింపుతున్నప్పుడు ఆ ఒర భాగాలు లోపలికి పోకుండా విల్లులా వంగి బయటే ఉండిపోతాయి. పొట్ట చివర ఖండాల మధ్య పొర సాగి, వెలుగు సోకితే అద్దంలా మెరిసే బిళ్ళగా ఉబ్బుతుంది. నిమిషం కూడా నిలవని ఈ పురుగును స్థిమితంగా ఫోటో తీయడానికి అదే అదను. సూది పొడవు చూసి భయపడకు, అది మనుషుల జోలికి రాదు. నువ్వు మాత్రం దాన్ని పట్టి లాగవద్దు, కర్రలో దిగిన సూది విరిగిపోతుంది.

ఇక మెగారిస్సాల్లో రకాల సంగతి: ఒళ్ళు నల్లగా, తల పసుపుగా ఉంటే అది అట్రాటా అనే రకం. నీది ఎర్రటిది కనుక మాక్రూరస్ అనే రకం గాని, గ్రీనీ అనే రకం గాని అయి ఉండాలి. మాక్రూరస్ సూది ఒంటికి ఇంచుమించు రెట్టింపు ఉంటుంది, గ్రీనీది బాగా పొట్టి. అందుచేత పురుగు బెదరనంత దూరంలో బెరడుకు కొలత కోసం ఒక పెన్ను ఆనించి, మీసాల కొన నుంచి సూది చివరి దాకా పక్కనుంచి తీసిన ఫోటో నాకు పంపు.

ఇట్లు,
నీ మేనమామ