క్యాంపస్ టూర్‌కు వెళ్తే కమ్యూనిటీ కాలేజీలో సీటు వచ్చే అవకాశం పెరుగుతుందా?

పెరగదు; అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీల్లో (ప్రధానంగా రెండేళ్ల కోర్సులు నడిపే స్థానిక ప్రభుత్వ కాలేజీల్లో) టూర్‌కు వెళ్లడానికీ ప్రవేశానికీ సంబంధం లేదు. ఇవి చాలావరకు అభ్యర్థులను వడపోసే సంస్థలు కావు. కాలిఫోర్నియాలో హైస్కూలు పూర్తిచేసినవారు, లేదా 18 ఏళ్లు నిండి ఆ చదువు వల్ల ప్రయోజనం పొందగలవారు చేరవచ్చు. నర్సింగ్ వంటి కొన్ని కోర్సులకు మాత్రం విడిగా ఎంపిక ఉంటుంది, విదేశీ విద్యార్థులకు దరఖాస్తు పద్ధతి వేరు.

టూర్ ఉపయోగం మరోచోట ఉంది. ఉదాహరణకు, రెండేళ్ల తరువాత యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు మారాలనుకునే విద్యార్థి, ఆ వ్యవస్థలోని 6 క్యాంపస్‌లు షరతులకు లోబడి ముందే ఇచ్చే ప్రవేశ హామీకి ఏయే కోర్సులు, ఎన్ని మార్కులు కావాలో టూర్‌లో కౌన్సెలింగ్ కేంద్రాన్ని (చదువుపై సలహాలిచ్చే చోటును) చూపించినప్పుడే అడిగి తెలుసుకోవచ్చు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియెగో క్యాంపస్‌లు ఆ హామీ ఇవ్వవు. మనవాళ్లు ఎక్కువగా అడిగేవి, విచిత్రంగా, అవే.

వెంట ఉండి చూపించే గైడ్ తమను అంచనా వేస్తున్నాడని చాలామంది అపోహపడి ప్రశ్నలు మింగేస్తారు. ఆ గైడ్ సాధారణంగా అక్కడే చదువుతూ ఆ పని చేస్తున్న విద్యార్థి. దరఖాస్తులపై నిర్ణయాధికారం అతనికి ఉండదు కనుక బస్సు సౌకర్యం, ట్యూటరింగ్, పుస్తకాల ఖర్చు గురించి నిస్సంకోచంగా అడగవచ్చు.