బుజ్జికి, హైదరాబాద్ వెళ్లే ముందు

బుజ్జీ,

ఆఫీసులో లాంగ్ లీవ్ పెట్టి తమ్ముడి ట్రీట్‌మెంట్ అయ్యేదాకా హైదరాబాద్‌లోనే ఉంటావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా పిల్ల ఎంత పెద్దదైపోయింది అనుకున్నా, ఫోన్ పెట్టేశాక మాత్రం గుండె దడ పట్టుకుంది, ఇది నెలా రెండు నెలల్లో తేలే పని కాదు తల్లీ, రెండు రెండున్నర ఏళ్లు. మా మరిది కొడుక్కి కూడా ఇదే ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్, వాడి దగ్గర ఉండి చూసినదాన్ని కాబట్టి రాస్తున్నా.

ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర్లోనే రెడ్ హిల్స్‌లో రూమ్ తీసుకోవడం మంచి పని. ఆరోగ్యశ్రీ కాగితాలు, రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టు. ప్లేట్‌లెట్స్ 5 రోజులకి మించి నిల్వ ఉండవు, అందుకని ఇచ్చేవాళ్ల నంబర్లు గ్రూపుల వారీగా ఇప్పుడే రాసుకో. వండిన వేడి అన్నమే పెట్టు, పానీపూరీలు, పచ్చి సలాడ్లు వద్దు. స్టెరాయిడ్ ఇచ్చే రోజుల్లో అర్ధరాత్రి లేచి ఆకలి అంటాడు, ఊరికే విసుక్కుంటాడు, అది మందు పని, మనసులో పెట్టుకోకు.

ఇప్పుడు అసలు సంగతి, జ్వరం. మా వాడికి అప్పుడు పదమూడేళ్లు. కీమో పడ్డాక తెల్లకణాల కౌంట్స్ కిందికి పోయేవి, జ్వరం వచ్చేది, వచ్చినప్పుడల్లా మా మరిది "బయట తిరగొద్దంటే విన్నావా, ఆ చెత్తంతా ఎవడు తినమన్నాడు" అని అరిచేవాడు. చెడ్డవాడేం కాదు, ఆయనకి భయమేసినా కోపమే వచ్చేది. మా తోటికోడలేమో వాడి ముందే కూర్చుని ఏడ్చేది. అడ్మిట్ అంటే ఇంట్లో ఇంత గోల అని పిల్లాడికి అర్థమైపోయింది. దసరాకి పిల్లలంతా వచ్చి ఉన్నారు, సాయంత్రం నుంచి వాడికి ఒంట్లో వణుకు, ఎవరికీ చెప్పకుండా డ్రాయర్‌లో పారాసిటమాల్ తీసి మింగేసి, నిద్రొస్తోందని దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి బీపీ పడిపోయింది, కళ్లు తెరవడం లేదు, ఐసీయూలో పెట్టారు. బతికాడు, దేవుడి దయ, ఇప్పుడు పూణేలో ఉద్యోగం చేస్తున్నాడు. కానీ ఐసీయూ బయట బెంచీ మీద మా మరిది తల బాదుకుంటుంటే చూశాను, ఆ మనిషి ఇప్పటికీ దసరాకి కొత్త బట్టలు కట్టుకోడు. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పింది, తెల్లకణాలు లేనప్పుడు మన నోట్లో, పేగుల్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియానే రక్తంలోకి పోతుందంట, చాలాసార్లు జ్వరం అలాగే వస్తుందంట. మరి పిల్లాడు చేసిన తప్పేముంది చెప్పు?

నీకూ కోపం ముక్కు మీదే ఉంటుంది, చిన్నప్పుడు నీ రంగు పెన్సిల్ విరగ్గొట్టాడని రెండు రోజులు వాడితో మాట్లాడలేదు నువ్వు. ఇప్పుడు అలా పనికిరాదు, చెబుతున్నా. ఒంట్లో బాలేదని వాడు నోరు తెరిచి చెప్పగానే "మంచిపని చేశావు చెప్పి" అను, అన్నాకే థర్మామీటర్ తియ్యి. 100.4 చూపించిందా, అర్ధరాత్రయినా సరే వార్డుకి ఫోన్ చేసి బయల్దేరు, మాత్ర వేసి తెల్లారాక చూద్దాం అనుకోకు, వెళ్లగానే గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి. ఖమ్మం వచ్చినప్పుడు మన వీధి ఆర్‌ఎంపీ దగ్గర సూది అసలు వేయించొద్దు, ప్లేట్‌లెట్స్ తక్కువున్నప్పుడు కండలోకి సూది పోతే లోపలే రక్తం కారి గడ్డలా పేరుకుంటుంది. బాబాయి ఎవరో పసరు మందు ఇస్తారని అంటున్నాడంట, నన్ను అడగమను, నేను మాట్లాడతా.

మొదటి నెల అయ్యాక ఎముక మూలుగ టెస్ట్‌లో క్యాన్సర్ ఏమీ లేదని రావచ్చు, అందరూ స్వీట్లు పంచుతారు, పంచనీ, మందులు మాత్రం ఒక్కటీ ఆపొద్దు. చివర్లో మెయింటెనెన్స్ అని ఏడాది పైన ఇంట్లోనే మాత్రలు వేసుకోవాలి, అందులో మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది, క్యాలెండర్ మీద ఆ మాత్ర వేసే రోజు చుట్టూ ఎర్రగా గీయి. తమ్ముడికి ఈ ముక్క చెప్పు, ఆ మందు తయారైంది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపించిన ల్యాబ్‌లోనే. వాడికి సైన్స్ ఇష్టం కదా, సంతోషిస్తాడు.

నువ్వు సరిగ్గా తిను తల్లీ, వాడు వదిలేసిన అన్నంతో సరిపెట్టుకోకు. నెలకో వారం నేనొచ్చి ఉంటా, ఆ వారం నువ్వు నిద్రపో, ఫ్రెండ్స్‌తో బయటికి పో. మీ పెదనాన్నకి చెప్పేశాను, హోటల్లో తింటారంట. మొదటి కీమో ఏ రోజో తెలియగానే మెసేజ్ పెట్టు, టికెట్ తీయించుకుంటా.

మీ పెద్దమ్మ